గ్రూప్‌సెట్ పేరు కాదు, ముందు చెయ్యి చూడండి: వైజాగ్‌లో కట్టిన ఒక రోడ్ బైక్ కేస్ స్టడీ

కొత్త రోడ్ బైక్ బిల్డ్ చేయించుకోవాలని వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట "105 వేయించుకోవాలా, అల్టెగ్రా వేయించుకోవాలా" అనే. ఇవి షిమానో కంపెనీ గ్రూప్‌సెట్ల పేర్లు, అంటే గేర్లు, బ్రేకులు, వాటి లివర్లు కలిపిన సెట్లు. నేను దానికి వెంటనే జవాబు చెప్పను. ముందు చేతులు చూస్తాను, ఆ తర్వాత ఏ రోడ్ల మీద తొక్కుతారో అడుగుతాను. షిఫ్టర్ (గేరు మార్చే, బ్రేక్ వేసే లివర్) ఏదో తేలితే బ్రేక్ ఏదో, డీరైలర్ (చెయిన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) ఏదో, ఎన్ని స్పీడ్లో అంటే వెనక ఎన్ని గేర్లో, వెనక చక్రానికి ఏ ఫ్రీహబ్ (వెనక గేర్లు ఎక్కే హబ్ భాగం) కావాలో అన్నీ దాని వెనకే తేలిపోతాయి. షిఫ్టర్ తప్పితే మిగతా ఎంత ఖరీదైనవి పెట్టినా బైక్ నడిపేవాళ్లకి సుఖం ఉండదు. ఈ కేసులో అది చాలా స్పష్టంగా కనిపించింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

రైడర్ ఒక మేడమ్. నలభై దాటిన వయసు, ఐదడుగుల ఒక అంగుళం ఎత్తు, బరువు 58 కిలోలు. కాలేజీలో లెక్కలు చెప్తారు. మామూలు రోజుల్లో తెల్లవారుజామున బీచ్ రోడ్ మీద భీమిలి దాకా వెళ్లి వస్తారు, వీలు దొరికితే ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కుతారు, 200 కిలోమీటర్ల బీఆర్ఎం రైడ్లు (గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) కూడా చేస్తారు. అప్పటిదాకా ఆవిడ దగ్గరున్నది రిమ్ బ్రేకుల ఎనిమిది స్పీడ్ల బైక్. ముందు 50/34, అంటే 50, 34 పళ్ల రెండు చెయిన్‌రింగ్‌లు, వెనక 11-28, అంటే 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న గేర్ల కేసెట్.

ఆవిడ చెప్పిన ఇబ్బందులు రెండే. ఘాట్ ఎక్కేటప్పుడు డముకు దాటేసరికి గేర్లు అయిపోతున్నాయి, మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. దిగేటప్పుడు బ్రేక్ లివర్ అందడం లేదు, వేళ్ల కొసలతో పట్టుకుని లాగాల్సి వస్తోంది, కిందికొచ్చేసరికి చేతులు పట్టేస్తున్నాయి. "దిగడం అంటేనే టెన్షన్ అండీ, ఎక్కడం నయం" అన్నారు. ఈ మాట విన్నాక నాకు ఇంకేం అడగాలనిపించలేదు. ఎక్కడానికి భయపడేవాళ్లకి గేరు మారిస్తే సరిపోతుంది గానీ, దిగడానికి భయపడే మనిషికి బైక్ మీద నమ్మకం పోయిందని అర్థం.

ఫ్రేమ్ ఆవిడ ముందే కొనేశారు, మంచి ఎంపికే. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, ఫ్లాట్ మౌంట్ డిస్క్ బ్రేకులకి చోటు, 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్స్ (హబ్‌లోంచి దూరే చక్రాల ఇరుసులు), మరలున్న 68 మిల్లీమీటర్ల బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు). ఈ చివరిది చూసి సంతోషించాను. సముద్రం పక్కన బతికే బైక్‌కి ప్రెస్ ఫిట్ (ఒత్తి దూర్చే రకం) కంటే మరల బాటమ్ బ్రాకెట్ చాలా నయం. విప్పొచ్చు, తుడవొచ్చు, గ్రీజు రాసి మళ్లీ బిగించొచ్చు, వేరే టూల్స్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

షిఫ్టర్ సంగతి. నేను చేసే పద్ధతి ఇది. వైస్‌కి ఒక హ్యాండిల్‌బార్ బిగించి, దగ్గరున్న రకరకాల షిఫ్టర్లు మార్చి మార్చి పెట్టి, రైడర్‌ని రోజూ వేసుకునే గ్లవ్స్‌తోనే పట్టుకోమంటాను. హుడ్ (షిఫ్టర్ పైన రబ్బరు తొడుగున్న భాగం) మీద చెయ్యి పెట్టి ఒక్క చూపుడు వేలితో లివర్ లాగమంటాను. నేను చూసేది ఒకటే, లివర్ ఆ వేలి మీద ఎక్కడ ఆనుతోంది అని. మొదటి కణుపు మడతలో ఆనితే బలం పడుతుంది. గోరు దగ్గర ఆనితే వేలు నిటారుగా సాగిపోయి, మణికట్టు ముందుకి ఒరిగి, భుజం పైకి లేస్తుంది. తర్వాత డ్రాప్స్‌లో (హ్యాండిల్ కింది ఒంపులో) పట్టుకోమని మళ్లీ అదే చూస్తాను. ఈ మేడమ్ విషయంలో మామూలు సైజు హైడ్రాలిక్ షిఫ్టర్ పెట్టి, రీచ్ స్క్రూ (లివర్ దూరం సర్దే మర) చివరిదాకా తిప్పినా డ్రాప్స్ నుంచి లివర్ గోరు దగ్గరే ఆనింది. హుడ్ మీద బాగానే ఉంది గానీ, ఘాట్ దిగేటప్పుడు చెయ్యి ఉండాల్సింది డ్రాప్స్‌లోనే.

షిమానో చిన్న చేతుల వాళ్ల కోసమే రెండు షిఫ్టర్లు తెచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. 105 వరుసలో ఎస్‌టీ-ఆర్7025, దాని కింది టియాగ్రా వరుసలో ఎస్‌టీ-4725. మొదటిది 11 స్పీడ్, రెండోది 10 స్పీడ్, రెండూ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులవే. వీటిలో లివర్ బార్‌కి దగ్గరగా ఉంటుంది. 4725 పెట్టి రీచ్ కొంచెం సర్దగానే లివర్ మొదటి కణుపు మీదికి వచ్చింది. ఆవిడ రెండు మూడుసార్లు లాగి చూసి "ఇది నా చేతికి చేసినట్టుంది" అన్నారు. షిఫ్టర్ ఆకారం అప్పుడే తేలిపోయింది. మిగిలింది 105 తీసుకోవాలా, టియాగ్రానా, లేక ఇంకేదైనా ఉందా అన్న ప్రశ్న.

ఇంకేదైనా అంటే ఎలక్ట్రానిక్. దాన్ని ఊరికే పక్కన పెట్టలేదు. శ్రామ్ కంపెనీ ఎలక్ట్రానిక్ సెట్టు రైవల్ ఏఎక్స్ఎస్‌లో 43/30 క్రాంక్ (పెడళ్లు, ముందు చెయిన్‌రింగ్‌లు ఉండే భాగం) ఉంది, దానికి వెనక 10-36 కేసెట్ పెట్టుకోవచ్చు. అంటే అన్నిటికంటే చిన్న గేరు 30/36 (ముందు 30 పళ్లు, వెనక 36), ఘాట్‌కి అంతకంటే ఏం కావాలి. బటన్ నొక్కితే గేరు మారుతుంది కాబట్టి చిన్న చేతికి శ్రమ ఉండదు. బ్యాటరీ అయిపోతుందేమోనని చాలామంది భయపడతారు, నా దృష్టిలో అది పెద్ద విషయమే కాదు. ముందు డీరైలర్ బ్యాటరీ, వెనక డీరైలర్ బ్యాటరీ ఒకటే రకం, దారిలో వెనకది అయిపోతే ముందుది తీసి వెనక పెట్టుకోవచ్చు. బొటనవేలి కీలు నొప్పులున్నవాళ్లకి నేను ఎలక్ట్రానిక్‌నే గట్టిగా చెప్తాను. ఇక్కడ అడ్డొచ్చింది డబ్బు. ఆ సెట్టు తీసుకుంటే చక్రాలకి ఏమీ మిగలదు, పైగా ఎప్పుడైనా బైక్ కుడివైపు పడి వెనక డీరైలర్ విరిగితే ఆ ఒక్క భాగం ఖర్చే గుండె ఝల్లుమనిపిస్తుంది. ఇంకో చిన్న కారణం, శ్రామ్ రోడ్ బ్రేకుల్లో డాట్ ఫ్లూయిడ్ అనే బ్రేక్ ద్రవం వాడతారు, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. సీసా ఒకసారి తెరిచాక వైజాగ్ తేమలో ఎక్కువకాలం దాచుకోలేం. షిమానో మినరల్ ఆయిల్‌కి ఆ బాధ లేదు.

మరి 105, టియాగ్రా. ఇక్కడ మేడమ్ నాకంటే ముందే కాగితం తీశారు. వెనక 11-34 కేసెట్ అనుకుందాం. 11 స్పీడ్‌లో పళ్లు ఇలా ఉంటాయి: 11, 13, 15, 17, 19, 21, 23, 25, 27, 30, 34. పది స్పీడ్‌లో ఇలా: 11, 13, 15, 17, 19, 21, 23, 26, 30, 34. పక్కపక్కన పెట్టి చూడండి, 23 దాకా ఒక్క తేడా లేదు. 25, 27 ఉన్న చోట ఒక 26 ఉంది, అంతే. బ్రేకులు రెండింట్లోనూ హైడ్రాలికే. లివర్ ఆకారం రెండింట్లోనూ చిన్న చేతిదే. ముందు పెట్టాలనుకున్న 46/30 క్రాంక్ రెండింటికీ ఒకే వరుసలో దొరుకుతుంది. 105 కొంచెం తేలిక, నొక్కుడు కొంచెం మెత్తన, నిజమే. కానీ ఈ రైడర్‌కి ఆ తేడా డబ్బుకి తగ్గట్టు లేదు. టియాగ్రా తీసుకుని, మిగిలింది చక్రాలకీ కేబుళ్లకీ పెట్టమన్నాను. ఆవిడ స్నేహితులు కొందరు "ఇంత బిల్డ్‌కి టియాగ్రా ఏంటి" అన్నారట. గ్రూప్‌సెట్ మీద రాసిన పేరు ఘాట్ ఎక్కించదు. 30 పళ్ల చెయిన్‌రింగ్ ఎక్కిస్తుంది.

ఆ 30 పళ్ల లెక్క కూడా చెప్తాను. 32 మిల్లీమీటర్ల టైర్‌తో చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు వెళ్తుంది. నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పితే పాత బైక్ 34/28లో గంటకి 11 కిలోమీటర్లు. అంతకంటే మెల్లగా వెళ్లాలంటే పెడల్ వేగం తగ్గించాలి, మోకాలికి నొప్పి వచ్చేది అక్కడే. కొత్త బైక్ 30/34లో అదే 70కి గంటకి 8 కిలోమీటర్లు. మనిషి, బైక్, నీళ్లు, సామాను కలిపి 72 కిలోలు, ఎనిమిది శాతం ఎత్తు అనుకుంటే 11 కిలోమీటర్ల వేగానికి దాదాపు 185 వాట్లు కావాలి, 8 కిలోమీటర్లకి 135 చాలు. 58 కిలోల మనిషి గంటసేపు 185 వాట్లు పెట్టాలంటే రేసుల్లో దిగేంత తర్ఫీదు ఉండాలి. 135 అంటే క్రమం తప్పకుండా తొక్కే ఎవరైనా పెట్టగలరు.

అవతలి వైపు సంగతేంటి, 46తో వేగం తగ్గిపోదా అని అడుగుతారు. 46/11లో నిమిషానికి 90 తిప్పితే గంటకి 48 కిలోమీటర్లు దాటుతుంది. భీమిలి రోడ్ మీద ఆవిడ మామూలు వేగం 24 నుంచి 27. అది 46/21, 46/19లో వస్తుంది, అంటే చెయిన్ కేసెట్ మధ్యలో నిటారుగా నడుస్తుంది. ఎదురుగాలి వస్తే ఒక పన్ను అటు, వెనకగాలి అయితే ఒక పన్ను ఇటు. 50 పళ్ల రింగ్ మీద చెయిన్ అడ్డదిడ్డంగా లాగుతూ తిరిగిన మనిషికి ఇది చెవికి కూడా తెలుస్తుంది, శబ్దమే తగ్గిపోతుంది.

ఇప్పుడు జతపడే విషయాలు. బిల్డ్‌లో తిప్పలన్నీ ఇక్కడే వస్తాయి.

46/30 క్రాంక్ షిమానో జీఆర్ఎక్స్ (మట్టిరోడ్ల బైకుల సెట్టు) వరుసలోది, ఆర్ఎక్స్600 పది స్పీడ్ రకం. దాని చెయిన్‌లైన్ (ఫ్రేమ్ మధ్య నుంచి చెయిన్ నడిచే దూరం) రోడ్ క్రాంక్ కంటే రెండున్నర మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. అందుకని టియాగ్రా ముందు డీరైలర్ పెట్టకూడదు, దాని పంజరం (చెయిన్‌ని జరిపే చట్రం) పెద్ద రింగ్ మీదికి సరిగ్గా చేరదు. అదే వరుసలోని ఆర్ఎక్స్400 ముందు డీరైలర్ పెట్టాను, అది ఈ షిఫ్టర్‌తో బాగా నడుస్తుంది. వెనక టియాగ్రా 4700 పొడవు పంజరం డీరైలర్. ముందు 16 పళ్ల తేడా, వెనక 23, మొత్తం 39 పళ్ల చెయిన్ వదులుని అది లాక్కోగలదు, 34 పళ్ల దాకా ఎక్కగలదు. క్లచ్ ఉన్న డీరైలర్ కూడా వేసుకోవచ్చు, రోడ్డు గతుకుల్లో చెయిన్ కొట్టుకోదు, కానీ క్లచ్ ఉంటే షిఫ్టర్ ఇంకాస్త గట్టిగా నొక్కాలి. ఈ బిల్డ్ అంతా చేతి కోసం చేస్తున్నది, అందుకే వద్దన్నాను.

ఇంతలో ఆవిడకి తెలిసినవాళ్లు పాత 105 5700 వెనక డీరైలర్ ఒకటి ఊరికే ఇస్తామన్నారు. "అదీ పది స్పీడే కదా, 105 కదా" అని తెచ్చారు. నడవదు. టియాగ్రా 4700కి పది స్పీడ్లే ఉన్నా, ఒక్కో క్లిక్‌కి కేబుల్ లాగే కొలత 11 స్పీడ్ తరానిది. పాత పది స్పీడ్ డీరైలర్ దానికి కలపితే మొదటి రెండు పళ్లు సరిగ్గా పడ్డట్టే ఉంటాయి, తర్వాత ఎంత సర్దినా మధ్యలో కరకరమంటూనే ఉంటుంది. స్పీడ్ల సంఖ్య ఒకటైతే చాలనుకుని సెకండ్ హ్యాండ్ భాగాలు కొనేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

ఫ్రీహబ్ కూడా అంతే. వెనక హబ్ 11 స్పీడ్ బాడీ ఉన్నదే తీసుకున్నాను, ఎందుకంటే రేపు ఆవిడ 11కో, షిమానో 12 స్పీడ్ రోడ్ కేసెట్‌కో మారాలన్నా చక్రం మార్చనక్కర్లేదు. కానీ పది స్పీడ్ కేసెట్ ఆ బాడీ మీద పెట్టేటప్పుడు వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (సందు నింపే రింగు) వెయ్యాలి. అది మర్చిపోతే లాక్‌రింగ్ బిగిసినట్టే ఉంటుంది, కేసెట్ మాత్రం చేత్తో పట్టుకుని ఊపితే టకటకలాడుతుంది. బిగించాక ఎప్పుడూ ఆ పెద్ద పన్ను పట్టుకుని ఒకసారి ఊపి చూడండి.

క్రాంక్ పొడవు 165 మిల్లీమీటర్లు. పాత బైక్ మీద 170 ఉంది. ఈ ఎత్తుకి 165తో మోకాలు పైకొచ్చేటప్పుడు తక్కువ మడత పడుతుంది. క్రాంక్ పొట్టి అయితే పెడల్ మీద బలం కాస్త ఎక్కువ పెట్టాలి, చిన్న గేరు ఉంది కాబట్టి అది ఇబ్బంది కాలేదు. జీఆర్ఎక్స్ క్రాంక్ వల్ల రెండు పాదాల మధ్య దూరం కూడా కొంచెం పెరుగుతుంది. షూ కింద క్లీట్లని (పెడల్‌కి పట్టుకునే ముక్కల్ని) బయటివైపు జరిపితే పాదం లోపలికి వస్తుంది, అలా సర్దాను.

ముందు బ్రేక్ ఏ చేతికి అని తప్పకుండా అడగాలి, అడగకుండా బిగించకూడదు. ఆవిడ రోజూ స్కూటర్ నడుపుతారు, కుడి చెయ్యి అంటే ముందు బ్రేక్ అని చేతికి అలవాటు. పైగా మన రోడ్ల మీద కుడివైపు తిరగాలంటే కుడి చెయ్యి చాపుతాం, అప్పుడు ఎడమ చేతిలో వెనక బ్రేక్ ఉండడమే క్షేమం. ముందు బ్రేక్ కుడికే పెట్టాను. హోస్ (బ్రేక్ నూనె పైపు) కొలత ఎప్పుడూ హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే కొయ్యాలి. కోసిన ప్రతిసారీ ఆలివ్ (పైపు చివర బిగిసే చిన్న రింగు), లోపలి పిన్ కొత్తవి వెయ్యాలి, పాతది మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకి హుడ్ కింద నూనె చెమ్మ కనిపిస్తుంది. రోటర్లు (బ్రేక్ డిస్కులు) ముందూ వెనకా 160 మిల్లీమీటర్లు. తేలిక మనిషి కదా వెనక 140 చాలదా అన్నారొకరు. గాలికొండ నుంచి ఎస్.కోట వైపు దిగుడు పొడుగ్గా ఉంటుంది, మలుపు మలుపుకీ బ్రేక్ పడుతుంది, వేడి తట్టుకోవాలంటే పెద్ద రోటరే మంచిది.

మిగిల్చిన డబ్బు వెళ్లింది చక్రాలకి అన్నాను కదా. 32 స్పోకులు, మూడు క్రాస్ (ఒక్కో స్పోకు మూడింటిని దాటే అల్లిక), స్టెయిన్‌లెస్ స్పోకులు, ఇత్తడి నిపుల్స్ (స్పోకుని రిమ్‌కి బిగించే నట్లు), అల్యూమినియం రిమ్. చేత్తో అల్లి, టెన్షన్ మీటర్ పెట్టి సరిచూశాను. అల్యూమినియం నిపుల్స్ కొన్ని గ్రాములు తేలిక, కానీ సముద్రపు ఉప్పుగాలిలో అవి స్పోక్‌తో అతుక్కుపోతాయి. తర్వాత చక్రం వంకర తీద్దామని స్పోక్ కీ తిప్పితే నిపుల్ తల ఊడి చేతికొస్తుంది. బీచ్ రోడ్ మీద తిరిగే ఏ బైక్‌కైనా నేను ఇత్తడే వేస్తాను, ఇందులో బేరం లేదు. టైర్లు 32, ట్యూబులతోనే. ట్యూబ్‌లెస్ సీలెంట్ ఇక్కడి ఎండకి తొందరగా ఆరిపోతుంది, ఆవిడకి ఆ పని మీద ఓపిక లేదన్నారు, అయితే వద్దు.

కేబుళ్ల మీద నేను చాలా సమయం పెడతాను. మెకానికల్ షిఫ్టింగ్‌లో వేలికి తగిలే బరువులో చాలా భాగం కేబుల్ దారిదే. బార్ టేప్ కింద అవుటర్ (కేబుల్ పైతొడుగు) ఎక్కడా ముడుచుకోకుండా, హుడ్ నుంచి బయటికి వచ్చే చోట ఒంపు మెల్లగా ఉండాలి. అవుటర్ కోశాక కొస చదునుగా అరగదీయాలి, లోపలి ప్లాస్టిక్ పైపు నలిగి ఉంటుంది, దాన్ని సూదితో గుండ్రంగా విప్పాలి. ఆ చిన్న రంధ్రం సరిగ్గా విప్పకపోతే స్టెయిన్‌లెస్ కేబుల్ వేసినా లోపల గీరుకుంటూ ఉంటుంది. ఎడమ షిఫ్టర్ మీద 30 నుంచి 46కి ఎక్కించడం ఈ బైక్‌లో అన్నిటికంటే కష్టమైన కదలిక, అందుకే ఆ కేబుల్ దారి రెండుసార్లు విప్పి మళ్లీ వేశాను. రెండోసారికి ఆవిడ ఒక్క తోపుతో, మణికట్టు కదలకుండా ఎక్కించగలిగారు. బార్ వెడల్పు 38 సెంటీమీటర్లు, ముందుకి చాచే దూరం 70 మిల్లీమీటర్లు. షిఫ్టర్ పట్టీ మర ఏడు న్యూటన్ మీటర్లు, క్రాంక్ మరలు మార్చి మార్చి పదమూడు, కేసెట్ నలభై. స్టీలు మర అల్యూమినియంలోకి వెళ్లే ప్రతిచోటా గ్రీజు.

బైక్ ఇచ్చాక భీమిలి వైపు నాలుగు వారాలు తొక్కమన్నాను, ఘాట్ వెంటనే వద్దన్నాను. కేబుళ్లు సాగి కుదురుకోవాలి, ప్యాడ్లు రోటర్‌కి అలవాటు పడాలి. ఆ తర్వాత ఒకసారి తెప్పించుకుని వెనక కేబుల్ పావు చుట్టు బిగించాను. తర్వాత ఆవిడ అరకు వెళ్లారు. తిరిగి వచ్చి ముందు చెప్పింది గేర్ల గురించి కాదు. "దిగేటప్పుడు చుట్టూ కాఫీ తోటలు కనిపించాయండీ, ఇదివరకు రోడ్డు తప్ప ఏమీ చూసేదాన్ని కాదు" అన్నారు. చివరి గేరు తైడ దాటాక ఎక్కువసేపు వాడారట, మోకాలి నొప్పి రాలేదట.

అన్నీ బాగున్నాయని చెప్పను. 46 నుంచి 30కి దిగితే 16 పళ్లు ఒక్కసారిగా పడిపోతాయి, కాళ్లు గాల్లో తిరిగినట్టు ఉంటుంది. అనంతగిరి దాటాక సుంకరమెట్ట వైపు ఎత్తుపల్లాలు వస్తూ పోతూ ఉంటాయి, అక్కడ ఇది విసుగు పుట్టిస్తుంది. ముందు దించుతూనే వెనక రెండు గేర్లు చిన్న పళ్ల వైపు మార్చడం నేర్పాను, కొంతకాలానికి అలవాటయింది. 46తో వెనక 34 మీద పెడితే ముందు డీరైలర్‌కి చెయిన్ రాసుకుంటుంది, ఆ గేరు వాడొద్దన్నాను, వాడాల్సిన అవసరం కూడా లేదు. 15, 13, 11 మధ్య ఖాళీలు పెద్దవే, గుంపులో వేగంగా తొక్కేవాళ్లు అయితే ఒప్పుకోరు. వాళ్లకి నేను ఈ కేసెట్ వెయ్యను కూడా.

వానాకాలం అయ్యాక వెనక డీరైలర్ దగ్గరి ఆఖరి అవుటర్ ముక్క మార్చాను, ఉప్పూ తేమా ముందు పట్టేది దాన్నే. షిఫ్టర్ తల లోపలి కేబుల్ కూడా తీసి చూశాను, ఒక్క పోగు తెగినా అది లోపల ఇరుక్కుని షిఫ్టర్‌నే పట్టేస్తుంది. వెనక గేరు ఒక క్లిక్‌కి పడనా వద్దా అన్నట్టు తటపటాయిస్తే సర్దడం మొదలుపెట్టే ముందు ఆ కేబుల్ చూడండి.

ఇప్పుడు ఆవిడ 300 కిలోమీటర్ల బీఆర్ఎం మీద పడ్డారు. గడువు 20 గంటలు, అంటే చీకట్లో చాలాసేపు తొక్కాలి. ముందు చక్రం డైనమో హబ్‌తో (తిరుగుతూ లైటుకి కరెంటు ఇచ్చే హబ్) మళ్లీ అల్లుదామని అనుకుంటున్నాం: 32 రంధ్రాలు, 12 మిల్లీమీటర్ల యాక్సిల్, సెంటర్ లాక్ రోటర్‌కి చోటు. హబ్ రావడానికి ఇంకా టైం పడుతుంది, ఆలోగా లైటు హ్యాండిల్ మీద పెట్టాలా, ఫోర్క్ పైన పెట్టాలా అన్నది తేల్చాలి. ఆవిడ హ్యాండిల్ మీద బ్యాగ్ కట్టుకుంటారు, నేనైతే ఫోర్క్ వైపే ఉన్నాను.